పెన్న ఒడ్డున మూడు రోజులు



కార్తీకం వచ్చి ఎండ తగ్గుముఖం పట్టిందంటే, శనివారం రాత్రిళ్లు జమ్మలమడుగు రోడ్డు మీద పొరుగు రాష్ట్రాల బండ్లు కనబడడం మొదలవుతుంది. కొందరు బెంగళూరు నుంచి, కొందరు హైదరాబాదు నుంచి. తెల్లవారేసరికి గండికోట చేరతారు. లోయ అంచున నిలబడి సూర్యోదయాన్ని ఫోన్లలో పట్టుకుంటారు. గుడి ముందు ఒకటి, మసీదు ముందు ఒకటి ఫోటో దిగుతారు. పది గంటలకు రాయి వేడెక్కగానే బండెక్కి వెళ్లిపోతారు. మూడొందల కిలోమీటర్లు దాటి వచ్చినవాళ్లు మూడు నాలుగు గంటలుండి వెనక్కి తిరుగుతున్నారు. చూడవలసినదాంట్లో పదో వంతు కూడా వాళ్ల కంట పడదు.

గండికోటను ఒక పూట పనిగా పెట్టుకోకూడదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, ఈ మూడూళ్ల చుట్టూ ఉన్న నేలంతా కలిపి ఒకే యాత్రగా వేసుకోవాలి. మూడు రోజులు, కనీసం రెండు రాత్రులు. కోటను, గుళ్లను, శాసనాన్ని, చివరికి పొలం గట్టున పేర్చిన నాపరాళ్లను కూడా కలిపేవి రెండున్నాయి. ఒకటి పెన్నేరు, రెండోది ఇక్కడి రాయి. ఆ రెంటినీ పట్టుకుని నడిచిన వాళ్లకు ఈ సీమ తన కథ తానే చెప్పుకుంటుంది.

ఇలాంటి నేలను వేరే దేశాల్లో ఎలా చూస్తారో ఒక ఉదాహరణ చెప్పాలి. గ్రీసు దేశంలో పెలొపొనీస్ అనే ప్రాంతం ఉంది. కొండలు, పాత కోటలు, శిథిలమైన గుళ్లు, మధ్యలో ఆలివ్ తోటలు. అక్కడికి సెలవులకు వెళ్లేవాళ్లలో చాలామంది ముందుగా ఒక పాత పుస్తకం తిరగేస్తారు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో పౌసానియస్ అనే యాత్రికుడు ఊరూరూ తిరిగి, ఏ గుడి ఎక్కడుంది, ఏ కథ ఎవరు చెప్పుకుంటున్నారు అన్నది పది భాగాలుగా రాసిపెట్టాడు. ఆయన మాటల్ని నమ్ముకునే 1876లో ష్లీమన్ అనే పురావస్తు పరిశోధకుడు మైసినీ కోటలో తవ్వి బంగారంతో నిండిన సమాధులు బయటపెట్టాడు. అదే ప్రాంతంలో మిస్ట్రాస్ అనే కొండకోట ఉంది. 1249లో కట్టడం మొదలైంది, 1989లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. దాన్ని చూడవచ్చినవాళ్లు దగ్గర్లోని స్పార్టా పట్టణంలో బస చేసి, తీరిగ్గా పై ద్వారం నుంచి కిందికి దిగుతూ చూస్తారు.

మనకూ అలాంటి రాత ఉంది. రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ కాలిన్ మెకంజీ ఊరూరికీ మనుషుల్ని పంపి కరణాల దగ్గరున్న పాత కవిలెల నుంచి స్థానిక చరిత్రలు రాయించాడు. వాటినే కైఫియత్తులంటారు. కడప జిల్లా కైఫియత్తులు పుస్తకాలుగా అచ్చయ్యాయి. గండికోట కైఫియత్తు కూడా ఉంది. ప్రయాణానికి వారం ముందు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు దాన్ని చదివి, మిగతావాళ్లకు కథగా చెబితే చాలు. పిల్లలు కోటలో రాళ్లు చూడరు, మనుషుల్ని చూస్తారు.

ఇక కాలం సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. మార్చి దాటితే ఈ రాతినేల మీద మధ్యాహ్నం నిలవలేం. వానాకాలం చివర, సెప్టెంబరు అక్టోబరు నెలల్లో, కొండలు పచ్చబడి లోయలో నీళ్లు నిండుగా ఉంటాయి. కానీ తడిసిన బండ జారుతుంది కాబట్టి పిల్లలతో వచ్చేవాళ్లు జాగ్రత్త పడాలి. రైల్లో రావాలంటే ముంబై, చెన్నై లైను మీద ముద్దనూరు, ఎర్రగుంట్ల స్టేషన్లున్నాయి. 2016లో నంద్యాల, ఎర్రగుంట్ల లైను మొదలయ్యాక జమ్మలమడుగుకే రైలొచ్చింది. కడపలో విమానాశ్రయం ఉంది. మూడూళ్లలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. కోట దగ్గర పర్యాటక శాఖ వారి హరిత హోటలు, గుడారాలు వేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. సెలవు రోజుల్లో అవి ముందే నిండిపోతాయి. అప్పుడు జమ్మలమడుగులోనో, అక్కడికి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రొద్దుటూరులోనో లాడ్జి చూసుకోవడం మేలు.

మొదటి రోజంతా గండికోటదే.

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్ల దారి. ఎర్రమల కొండలెక్కి కోట ముఖద్వారం ముందు దిగగానే తొందరపడి లోయ వైపు పరుగెత్తకూడదు. ముందు ఆ ద్వారం చూడాలి. ఇనుప రేకులు తాపి, మేకులు బిగించిన తలుపులు. లోపలికి దారి తిన్నగా వెళ్లదు, వంకర తిరుగుతుంది. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దకుండా చేసుకున్న ఏర్పాటు అది. శత్రువు ఆ మలుపులో చిక్కుకుంటే పైనున్న గోడల మీది నుంచి బాణాలు, రాళ్లు పడతాయి. లోపల ఇప్పటికీ ఊరుంది, జనం కాపురాలు చేస్తున్నారు. ఆడవాళ్లు నీళ్ల బిందెలతో, పిల్లలు పుస్తకాల సంచులతో ఎదురొస్తారు. వచ్చినవాళ్లు ఇది మనుషులుండే ఊరని గుర్తుపెట్టుకుని, అడగకుండా వాళ్ల గుమ్మాల ముందు కెమెరాలు ఎత్తకుండా ఉంటే మర్యాదగా ఉంటుంది.

క్రీ.శ. 1123లో కాకరాజు అనే సామంతుడు ఇక్కడ మొదట కోట కట్టాడని స్థానిక చరిత్ర. తర్వాత విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకుల చేతికొచ్చింది. మనం ఇవాళ చూసే రాతిగోడలు, మాధవరాయ స్వామి గుడి, రంగనాథుడి గుడి వాళ్ల కాలపు వైభవమే. మాధవరాయుడి గుడి గోపురం దూరం నుంచే కనబడుతుంది. గర్భగుడిలో మాత్రం మూలవిరాట్టు లేదు. మంటపంలో స్తంభాల మీద పనివాళ్లు చెక్కిన బొమ్మల్ని నిదానంగా ఒక్కొక్కటే చూడాలి. బయటికొస్తే ఎదురుగా ధాన్యపు కొట్టు. కమాను కప్పు వేసిన పొడుగాటి కట్టడం, ముట్టడి పడినా నెలల తరబడి లోపలివాళ్లకు కూడు పెట్టడానికి కట్టుకున్నది. పక్కనే జామియా మసీదు, దాని ముందు పెద్ద కోనేరు. మరికాస్త అవతల పావురాల గోపురం, జైలు. గుడి, మసీదు, గాదె, చెరసాల అన్నీ నాలుగడుగుల దూరంలోనే ఉన్నాయి. రాజ్యమంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్న మంచి చోటు వెతుక్కోనక్కర్లేదు.

1650లో గోల్కొండ వజీరు మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని వారి నుంచి తీసుకున్నాడు. పారసీక దేశం నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంతో పైకొచ్చి, సేనాపతి అయినవాడు. రెండేళ్లకు, 1652లో, ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే ఆయన్ను వెతుక్కుంటూ ఇక్కడికొచ్చాడు. ఆయన రాసిన సంగతులు చదువుతుంటే కోట కళ్ల ముందు కదులుతుంది. కొండెక్కే దారి ఒక్కటే ఉందనీ, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే ఉందనీ, పక్కన భయంకరమైన అగాధమనీ రాశాడు. ఆ వజీరును గుడారంలో చూసిన దృశ్యం మరీ బావుంది. మీర్ జుమ్లా జోళ్లు లేకుండా కూర్చున్నాడు. కాలివేళ్ల సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల మధ్య ఉత్తరాలు. ఒక్కోటి లాగి చదివించుకోవడం, లేఖకులకు జవాబులు చెప్పడం, మధ్యలో నేరస్థులను తెప్పించి అక్కడికక్కడే తీర్పు చెప్పడం. ఫిరంగులు పోతపోస్తానన్న ఒక ఫ్రెంచివాడికి గుళ్ల నుంచి తెప్పించిన రాగి విగ్రహాలను అప్పగించారనీ, చివరికి అతని చేతిలో ఒక్క ఫిరంగీ తయారు కాలేదనీ కూడా ఆయనే రాశాడు. ఈ కథలు తెలిసి ఆ వీధుల్లో నడవడం వేరు, తెలియక నడవడం వేరు.

తర్వాత కోట కడప నవాబులకు, హైదరలీకి, టిప్పుకు చేతులు మారింది. 1791లో మూడో మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సేనల కెప్టెన్ లిటిల్ పట్టుకున్నాడు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి ఇచ్చేశాక కోటకు యుద్ధాల పని తప్పింది.

సాయంత్రం నాలుగయ్యాక లోయ దగ్గరికి వెళ్లాలి. రంగనాథుడి గుడి దాటి బండల మీదుగా కాస్త జాగ్రత్తగా నడిస్తే నేల ఒక్కసారిగా తెగిపోతుంది. కింద పెన్న. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టిన ఈ ఏరు సముద్రానికి చేరేలోగా దాదాపు 600 కిలోమీటర్లు నడుస్తుంది. ఆ దారిలో ఇంత బిగువుగా నడిచేది ఇక్కడే. రెండు వైపులా నిలువునా లేచిన ఎర్రరాయి, పేర్చిన జొన్నరొట్టెల్లాగా పొర మీద పొర. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు. ఒకప్పుడు ఇక్కడున్న లోతులేని సముద్రంలో ఇసుక పేరుకుని, గట్టిపడి రాయైంది. వయసు వంద కోట్ల ఏళ్లు ఇంచుమించుగా, అంటే నేల మీద చెట్టూ చేమా పుట్టకముందు. వంగి చూస్తే కొన్ని పలకల మీద అలల గుర్తులు ఇప్పటికీ కనబడతాయి. వేళ్లతో తడిమి చూడవచ్చు. ఎన్నడో ఎండిపోయిన సముద్రపు అల వేలి కింద తగులుతుంది.

అంచున చాలాచోట్ల కటకటాలు లేవు. ఫోటో కోసం వెనక్కి వెనక్కి నడిచేవాళ్లను చూస్తుంటే గుండె ఝల్లుమంటుంది. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోవాలి. నీళ్లు మనిషికి రెండు లీటర్లకు తక్కువ కాకుండా తీసుకెళ్లాలి. చీకటిపడేలోగా రాళ్ల మీది నుంచి ఇవతలికి వచ్చేయాలి.

రెండో రోజు నదిని పట్టుకుని కిందికి రావాలి. గండికోట దాటిన నీళ్లు మైలవరం జలాశయంలోకి వస్తాయి. కట్ట మీద కాసేపు ఆగి, జమ్మలమడుగులో నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి చూసుకుని దానవులపాడుకు వెళ్లాలి. దానవులపాడు పేరు విన్నవాళ్లు తక్కువ, చూసినవాళ్లు మరీ తక్కువ. పెన్న ఒడ్డునే ఒక జైన క్షేత్రం ఇసుకలో పూడిపోయి ఉండిపోయింది. 1903 ప్రాంతంలో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే తవ్విస్తే ఇటుక గుడులు, తీర్థంకరుల విగ్రహాలు, శాసనాలు బయటపడ్డాయి. పదో శతాబ్దపు రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు శాంతినాథుడి అభిషేకం కోసం చేయించిన రాతి పీఠం అందులో ఒకటి. రాయలసీమలో జైనం ఇంత వేళ్లూనుకుని ఉండేదని చాలామందికి అక్కడే మొదటిసారి తెలుస్తుంది. వెళ్లినవాళ్లు నీడ, టీకొట్టు ఉంటాయని ఆశించకూడదు.

అక్కడి నుంచి కలమళ్లకు.

తెలుగు చదవడం వచ్చిన ప్రతివాళ్లూ జీవితంలో ఒకసారైనా వెళ్లవలసిన ఊరిది. ఎర్రగుంట్ల మండలంలో ఉంది. బయటి లోకానికి ఈ పేరు తెలిసింది రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం వల్ల. పొగగొట్టాలు చాలా దూరం నుంచే కనబడతాయి. ఆ గొట్టాల నీడన, ఊళ్లోని చెన్నకేశవ సిద్ధేశ్వర ఆలయం దగ్గర, తెలుగు భాషలో ఇంతవరకు దొరికిన మొట్టమొదటి శాసనం వెలుగు చూసింది. ఈ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల్లో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలానిది. క్రీ.శ. 575 ప్రాంతపుదని పండితులు తేల్చారు. అంతకుముందు తెలుగు నేల మీద రాజులు ప్రాకృతంలో, సంస్కృతంలో శాసనాలు వేయించేవాళ్లు. ఇంట్లో మాట్లాడుకునే భాషను రాతికెక్కించే ధైర్యం చేసింది ఈ రేనాటి రాజులు. నన్నయకు సుమారు అయిదు వందల ఏళ్ల ముందు. గుడి పెద్దది కాదు, ఊరు పెద్దది కాదు. అయినా ఆ గుడి ముందు నిలబడి ఇంటిల్లిపాదీ ఈ సంగతి ఒకసారి పిల్లలకు చెప్పుకుంటే, ఆ ప్రయాణం పెట్టుబడి మొత్తం ఆ ఒక్క చోటే తిరిగొస్తుంది.

మధ్యాహ్నానికి ప్రొద్దుటూరు. బంగారం వ్యాపారం వల్ల రెండో బొంబాయి అనిపించుకున్న పట్టణం. కొనే ఉద్దేశం లేకపోయినా బంగారు అంగళ్ల వీధిలో ఒకసారి నడవాలి. పెళ్లి ముహూర్తాల రోజుల్లో పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు అంగడి గట్టు మీద కూర్చుని, అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా అందరూ తలో మాట చెబుతూ నగలు ఎంచుకోవడం చూడవచ్చు. పెన్న గట్టున ముక్తి రామేశ్వరం ఉంది. ఊళ్లో అగస్త్యేశ్వరస్వామి ఆలయం ఉంది. శివతాండవం రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు ఈ ఊళ్లోనే ఉండేవారు. ఆ గుడి ప్రదక్షిణాల్లోనే ఆ కావ్యం పుట్టిందని ప్రొద్దుటూరు వాళ్లు గర్వంగా చెబుతారు. తిండి దగ్గర ఇక్కడ ఎవరూ చిన్నబోరు. పొద్దున ఉగ్గాని, బజ్జి. ఎర్రకారం పూసి పప్పులపొడి చల్లిన దోశ. మధ్యాహ్నం రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, మాంసం తినేవాళ్లకు నాటుకోడి పులుసు. కారం తినలేని పిల్లలుంటే ముందే చెప్పాలి, పెరుగు ఇంకో గిన్నె తెచ్చిపెడతారు.

మూడో రోజు పులివెందుల వైపు. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా దారి. ఆ దారి వెంబడి కూడా రాయే మాట్లాడుతుంది. కడప రాళ్ల మీద 1872లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ పెద్ద గ్రంథం రాశాడు. అప్పటి నుంచి ఈ ఊళ్ల, నదుల పేర్లు ప్రపంచపు భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో నిలిచిపోయాయి. పులివెందుల క్వార్ట్‌జైట్, తాడిపత్రి పొరలు, వేంపల్లె పొరలు, పాపాఘ్ని వర్గం, చిత్రావతి వర్గం. పులివెందుల రాతి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. వేంపల్లె సున్నపురాతిలో స్ట్రోమటోలైట్లు కనబడతాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు సముద్రం అంచున పొరలు పొరలుగా కట్టుకున్న గుట్టలవి, ఈ భూమ్మీద ప్రాణం వదిలిన బాగా పాత గుర్తుల్లో కొన్ని. తుమ్మలపల్లె యురేనియం దొరికేదీ ఆ వేంపల్లె పొరల్లోనే. దేశదేశాల నుంచి పరిశోధకులు వచ్చి సుత్తితో కొట్టి చూసుకుని వెళ్లే రాళ్ల పక్కనే మన పిల్లలు మేకలు కాస్తుంటారు. బడిలో ఎవరైనా ఒక్క పూట వాళ్లను ఆ బండల దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే ఎంత బాగుంటుంది!

వేంపల్లె దాటాక గండి క్షేత్రం. అక్కడ కొండను చీల్చింది పెన్న కాదు, పాపాఘ్ని. పాలకొండల మధ్య సందులోంచి ఏరు బయటికొచ్చే చోట ఆంజనేయస్వామి గుడి. లంక నుంచి తిరిగొస్తున్న రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడనీ, రాముడు బాణపు మొనతో బండ మీద హనుమంతుడి బొమ్మ గీశాడనీ స్థలపురాణం. కలెక్టరుగా ఈ సీమలో తిరిగిన థామస్ మన్రోకు ఆ తోరణం కనిపించిందని కూడా చెప్పుకుంటారు. మన్రో 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. తోరణం కనబడ్డవాళ్లు ఎక్కువకాలం బతకరన్న నమ్మకానికి జనం ఆ మరణాన్ని జోడించుకున్నారు. శ్రావణ శనివారాల్లో ఇక్కడ ఇసకవేస్తే రాలనంత జనం. ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్లు ఆ నెల తప్పించుకోవాలి.

ఇంకో రోజు చేతిలో ఉంటే రెండు దారులున్నాయి. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణుడి గుడి చూడవచ్చు. అవీ పెమ్మసాని వారి కట్టడాలే, గండికోటలో మొదలైన కథకు కొనసాగింపు. బుగ్గ గుడి గోపురాలు సగంలో ఆగిపోయినా వాటి మీది చెక్కడం పని చూసి తీరవలసిందే. రెండోది బెలుం గుహలు. మొత్తం 3,229 మీటర్ల పొడవు. 1884లో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. 1980ల మొదట్లో గెబావర్ అనే ఆయన నాయకత్వంలో జర్మన్ బృందం కొలిచింది. 2002 నుంచి ఒకటిన్నర కిలోమీటరు దాకా జనాన్ని రానిస్తున్నారు. లోపల ఉక్కపోత ఉంటుంది. ఊపిరి ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లను బలవంతాన తీసుకెళ్లవద్దు.

ఈ ప్రయాణంలో చూడవలసినది ఇంకొకటుంది, చాలామంది చూడరు. గండికోట ఎగువన ఇప్పుడు పెద్ద జలాశయం. గాలేరు-నగరి పథకంలో 26.85 టీఎంసీల సామర్థ్యంతో కట్టారు. శ్రీశైలం దగ్గర్నుంచి కృష్ణ నీళ్లు వచ్చి అక్కడ పెన్న లోయలో నిలుస్తాయి. ఎండిన సీమకు అది ప్రాణాధారం. ఆ నీళ్ల కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లున్నాయి. తరతరాలుగా ఉన్న ఇళ్లు, గుళ్లు, చింతచెట్లు, శ్మశానాలు వదులుకుని వెళ్లినవాళ్లు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నారు. కొండాపురం వైపు వెళ్లేవాళ్లు కట్ట మీద ఆగి నీళ్ల అందం చూసేటప్పుడు, దగ్గర్లో పెద్దవయసు మనిషి ఎవరైనా ఉంటే పలకరించాలి. తమ ఊరు ఎటువైపు ఉండేదో చేయెత్తి చూపిస్తారు.

2024 చివర్లో గండికోట అభివృద్ధికి కేంద్రం రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. సంతోషమే. ఆ డబ్బుతో ముందు జరగవలసిన పనులు పెద్దవేమీ కావు. లోయ అంచున చూపుకు అడ్డురాని కటకటాలు, తాగునీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు, స్తంభాల మీద పేర్లు చెక్కేవాళ్లను ఆపే కాపలా. అన్నిటికన్న ముఖ్యం, కోటలోని ఊరి పిల్లలకే గైడ్లుగా శిక్షణ. తవెర్నియే కథ, పెమ్మసాని వారి కథ, రాతి మీది అల కథ తెలిసిన ఇరవై ఏళ్ల కుర్రవాడో అమ్మాయో వెంట నడిస్తే, పొద్దున వచ్చినవాళ్లు పదింటికి వెళ్లిపోరు. వాళ్లు ఆ రాత్రికి అక్కడే ఉంటే కోట ఊరిలో రెండు ఇళ్లకు అన్నం వండే పని దొరుకుతుంది, జమ్మలమడుగు ఆటోలకు బేరం దొరుకుతుంది.

చివరిగా ఒక మాట. దసరా సెలవులకు రావాలనుకునేవాళ్లు నెల ముందే గది మాట్లాడి పెట్టుకోవాలి. ఆ పది రోజులూ ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో కన్యకా పరమేశ్వరికి రోజుకో అలంకారం, రాత్రంతా ఊరేగింపులు, వీధుల నిండా దీపాలు. జిల్లా అంతా అక్కడే ఉంటుంది. అప్పటికప్పుడు దిగి లాడ్జీల చుట్టూ తిరిగితే గది దొరకదు. జమ్మలమడుగులో దిగి, సాయంత్రం బస్సులో ప్రొద్దుటూరు వెళ్లి ఉత్సవం చూసుకుని రావడం తేలిక.